సీవీ జాయింట్ మార్పిడి
చక్రం పక్కకు తిరిగినా, గతుకుల్లో పైకీ కిందికీ కదిలినా, యాక్సిల్ షాఫ్టు వేగంలో హెచ్చుతగ్గులు లేకుండా చక్రాన్ని తిప్పేలా చేసే కీలును సీవీ జాయింట్, అంటే స్థిరవేగ సంధి, అంటారు. ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1920లలో రూపొందించిన ఆరు ఉక్కు గుండ్ల రకం 1959 నాటి బ్రిటిష్ మినీ కారులోనూ చోటు సంపాదించుకుంది. ఇంజను టార్క్ పెంచిన కార్లలో మామూలు షాఫ్టు మెలితిరిగి విరిగే ప్రమాదం ఉన్నందున, నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4340 ఉక్కు షాఫ్టు తెచ్చి, పాత జాయింట్లనే దానికి ఎక్కించడం కద్దు. షాఫ్టు కొన మీది నిలువు పళ్లు, అంటే స్ప్లైన్లు, జాయింటు లోపలి పళ్లతో కచ్చితంగా సరిపోవాలి. జాయింటును జారకుండా పట్టే సర్‌క్లిప్ కొత్తదే వేయాలి. పాత గ్రీజును పూర్తిగా కడిగి చూసినప్పుడు గుండ్లు నడిచే గాడుల్లో గోరుకు తగిలేంత గుంట ఉంటే ఆ జాయింటును తిరిగి వాడరాదు, ఎందుకంటే షాఫ్టు గట్టిపడ్డాక భారం తట్టుకోలేక ముందుగా పగిలేది అదే. చివరగా మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన గ్రీజు నింపి, జాయింటును కప్పే రబ్బరు బూటును క్లిప్పులతో బిగిస్తారు.