చిమ్మిలి చరిత్రలో ఒక పెళ్లి గుర్రం

దీపావళి టపాసుల చెత్త పూర్తిగా ఊడ్చకముందే నాగుల చవితి వచ్చేస్తుంది. పుట్టలో పాలు పోసి చలిమిడి, వడపప్పు, చిమ్మిలి పెట్టాలి. తెలంగాణలో చాలా ఇళ్లలో నాగపూజ శ్రావణ పంచమికే అయిపోతుంది కనుక కార్తికంలో ఈ హడావుడి కోస్తావాళ్లకే ఎక్కువ.

చిమ్మిలికి కావాల్సింది నువ్వులూ బెల్లమూ, అంతే. పొయ్యితో పనిలేదు. రోట్లో దంచుతుంటే నువ్వులు ముందు పొడి అవుతాయి, తర్వాత రోకలికి అంటుకుంటాయి, ఆపైన నూనె వదులుతాయి. అప్పుడు బెల్లం వేసి చేతికి జిడ్డు తగిలేదాకా దంచాలి. రజస్వల అయిన పిల్లకు పెట్టేదీ ఈ ముద్దే.

ఈ దంపుడు ఎప్పటిది? హరప్పాలో మాడిపోయిన నువ్వులు దొరికాయని 1940లో మాధోస్వరూప్ వత్స్ తన తవ్వకాల నివేదికలో రాశారు. అక్కడినుంచి వేల ఏళ్లు ఒక్క గెంతులో దాటాల్సిందే. ఇంట్లో ఆడవాళ్లు ఏం దంచుకున్నారో చెప్పడానికి ఏ రాజూ రాగిరేకు ఖర్చు చేయలేదు. నూనెవాళ్ల కోసం మాత్రం ఒకాయన చేశాడు.

ఆయన కులోత్తుంగ చోళుడి కొడుకు రాజరాజ చోడగంగు. 11వ శతాబ్ది చివరి పాదంలో తండ్రి తరఫున వేంగిని ఏలాడు. గోదావరి ప్రాంతంలోని టేకిలో దొరికిన ఆయన రాగి శాసనం నాకు మహా ఇష్టం. బెజవాడ కేంద్రంగా ‘తెలికి వేవురు’ అనే సమూహం ఉండేది. వీళ్లను చరిత్రకారులు నూనె వర్తకులుగా గుర్తించారు. వీళ్ల ఇంట పెళ్లయితే వధూవరులు వీధుల్లో గుర్రమెక్కి ఊరేగవచ్చు. పెళ్లి ముగిశాక రాజు పాదాల దగ్గర బట్టల జత పెట్టి మొక్కితే, బంగారు పాత్రలో తాంబూలం ఇస్తారు. శాసనం కట్టబెట్టిన మర్యాదలివి. ఎద్దు గానుగ చుట్టూనే తిరిగింది, నూనె అమ్మినవాడి కొడుకు మాత్రం గుర్రమెక్కాడు! అది చూసి ఎవరి కళ్లు కుట్టాయో రేకుల్లో లేదు. కుట్టే ఉంటాయి. పల్లకీకీ గొడుక్కీ తగువులాడుకున్న సమాజం కదా మనది.

తర్వాత కథ అంత వరసగా నడవదు. అమెరికా ఖండాల నుంచి మిరపా వేరుసెనగా వచ్చాయి. హైదరాబాదు వంటిళ్లలో వేయించిన నువ్వులు, వేరుసెనగ, కొబ్బరి కలిపి మెత్తగా నూరితే మిర్చీ కా సాలన్ తయారయింది. నవాబీ వంట అని మురిసిపోతాం గానీ, అందులో మిరపా వేరుసెనగా నిన్నమొన్నటి అతిథులు, నువ్వులే ఇంటి పెద్ద. 20వ శతాబ్దంలో ఆ అతిథుల్లో వేరుసెనగే రాయలసీమ చేలనూ మన నూనె డబ్బానూ ఆక్రమించింది. గానుగ పోయి మిల్లు వచ్చింది. ఇప్పుడు అదే గానుగ నూనెను నగరాల్లో ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం. పక్క అరలో తహినీ సీసా, దాని మీద అరబ్బు వంటల బొమ్మ. పొట్టు తీసిన మన నువ్వుల ముద్దే అది, బెల్లం ఒక్కటే తక్కువ.

రోలు లేనివాళ్లు మిక్సీలోనే చేసుకోండి, తప్పేం లేదు. ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే మిక్సీ జార్ వేడెక్కి బెల్లం పాకంలా జారిపోతుంది. నువ్వులు మాత్రం కొత్తవే కొనండి, పాతవైతే చేదెక్కుతాయి.