సహజ ప్రసవ ప్రేరణ: జగిత్యాల ప్రాంత చరిత్ర

నెలలు నిండిన గర్భిణికి సూదిమందులతో పనిలేకుండా నడక, ఆహారం, మర్దన వంటి సాధనాలతో కాన్పు నొప్పులు మొదలయ్యేలా చేసే ప్రయత్నాలను సహజ ప్రసవ ప్రేరణ అంటారు. జగిత్యాల ప్రాంతంలోని రాయికల్, కోరుట్ల పల్లెల్లో, పక్కనున్న సిరిసిల్ల పల్లెల్లో ఆసుపత్రి కాన్పులు రాకముందు ఈ విద్య మంత్రసానుల చేతిలో, ఇంటి పెద్దల చేతిలో ఉండేది.

దీనిపై వాదం చాలా పాతది. నొప్పులు వచ్చినా కాన్పు కాని స్త్రీ రోకలి పట్టి ధాన్యం దంచాలని, ఆవులించాలని, నడవాలని కొందరు చెప్పగా, కఠిన శ్రమ గర్భిణికి ఎన్నడూ తగదని, అందులోనూ ప్రసవ వేళ అది ప్రాణాపాయమని ఆయుర్వేద గురువు ఆత్రేయుడు రోకలిని నిరాకరించి, నడకను, ఆవులింతను మాత్రం అంగీకరించినట్లు ఆయుర్వేద గ్రంథం చరక సంహితలోని శారీరస్థానం చెబుతుంది. తల్లి శరీరాన్ని అలసటకు గురిచేయకుండా ప్రసవానికి సిద్ధం చేయాలన్న ఆ వివేకం నేటికీ చెల్లుతుంది.

పల్లె ఇళ్లలో నొప్పులు అసలైనవో కావో అనుమానంగా ఉన్నప్పుడు జీలకర్ర లేదా మిరియాల కషాయం తాగించేవారు. వాయువు వల్ల వచ్చిన నొప్పి అయితే తగ్గుతుందని, అసలు నొప్పులైతే పెరుగుతాయని నమ్మకం. ఆముదం తాగించడం మరో పద్ధతి. ఆముదం నుంచి పేగుల్లో విడుదలయ్యే రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాలను, గర్భాశయ కండరాలను ఒకే రకమైన గ్రాహకాల ద్వారా కదిలిస్తుందని 2012లో ఎలుకలపై చేసిన పరిశోధన తేల్చింది; అయితే వాంతులు, విరేచనాలతో తల్లి నీరసించే ప్రమాదం ఉన్నందున వైద్య పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. అడవినాభి దుంపను నూరి పొట్టకు, పాదాలకు పూసే ఆచారాన్ని మాత్రం పూర్తిగా విడిచిపెట్టాలి, ఎందుకంటే అందులోని కొల్చిసిన్ ప్రాణాంతక విషం.

మర్దన, ఆహారం వంటి సాధనాలను ఆధునిక శాస్త్రం కూడా పరిశీలించింది. పిట్యూటరీ గ్రంథి సారం గర్భాశయాన్ని సంకోచింపజేస్తుందని 1906లో హెన్రీ డేల్ గుర్తించగా, ఆ సారంలోని ఆక్సిటోసిన్ అనే హార్మోనును 1953లో విన్సెంట్ డు విగ్నో కృత్రిమంగా తయారుచేశాడు. చనుమొనలను మృదువుగా మర్దించినప్పుడు ఇదే హార్మోను విడుదలవుతుంది. గర్భాశయ ముఖద్వారం అప్పటికే మెత్తబడిన స్త్రీలలో ఈ మర్దన ఫలించే అవకాశం ఎక్కువ. ఆహారం విషయానికొస్తే, నెలలు నిండే ముందు నాలుగు వారాల పాటు రోజుకు 6 ఖర్జూరాలు తిన్న స్త్రీలలో 96 శాతం మందికి నొప్పులు తమంతట తామే వచ్చాయని, తినని వారిలో అది 79 శాతమేనని 2011లో వెలువడిన జోర్డాన్ అధ్యయనం చూపింది. అది చిన్న అధ్యయనమే అయినా, సాధారణ ఆహారమే కనుక గమనించదగినది.

నొప్పులు ఎలా రప్పించాలన్న సమస్య తెలంగాణలో ఇప్పుడు తిరగబడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరగగా, మొత్తం కాన్పుల్లో 60.7 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం సిజేరియన్లు; దేశ సగటు 21.5 శాతమే. నొప్పుల భయానికి తోడు ముహూర్తం చూసి ఆపరేషన్ కోరే అలవాటు కూడా ఉండడంతో, నొప్పుల కోసం వేచి ఉండడం తగ్గిపోయింది. ఈ స్థితిని మార్చడానికి రాష్ట్ర ప్రభుత్వం ప్రసూతి సేవల సంస్థ ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌ల సహకారంతో 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు 2016 వరకు కరీంనగర్ జిల్లాలోనివే. ఈ శిక్షణ పొందిన నర్సులు గర్భిణులను నడిపిస్తారు, బంతిపై కూర్చోబెడతారు, భంగిమలు మార్పిస్తారు. బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, 41 వారాలు దాటినా ఈ ప్రయత్నాలు ఆపి వైద్యులకు అప్పగిస్తారు.