నిర్వాహక అనుమతి – తెలుగు అక్షరం: అమీర్‌పేట, పంజాగుట్ట ఉమ్మడి కంప్యూటర్ల నేపథ్యం

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని అమీర్‌పేట, ముఖ్యంగా మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు 1990ల చివరినుండి కంప్యూటర్ శిక్షణకు పేరొందాయి. అక్కడి ల్యాబుల్లోనూ, పంజాగుట్ట వైపు వెలసిన ఇంటర్నెట్ కేంద్రాల్లోనూ ఒకే యంత్రాన్ని పలువురు వాడేవారు. యజమాని ఒకరు, వాడుకరి మరొకరు. ఈ ఎడం కంప్యూటరులో తెలుగు రాతను ఎలా ప్రభావితం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. అనుమతుల విభజన

ఉమ్మడి యంత్రంలో ఒకరి పొరపాటు అందరికీ నష్టం. ప్రతి ప్రోగ్రాముకూ దాని పనికి చాలినంత అధికారమే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లో సూత్రీకరించారు. యూనిక్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన 'సెట్‌యూఐడీ' ఏర్పాటు మరొక అవసరాన్ని తీర్చింది. నిర్దిష్టమైన ప్రోగ్రాము నడిచినంతసేపే సామాన్య వాడుకరికి దాని యజమాని అధికారం లభిస్తుంది. విండోస్ 95, 98లలో ఇటువంటి విభజన లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నిర్వాహక ఖాతా, పరిమిత ఖాతా అనే భేదాన్ని ఇళ్ల కంప్యూటర్లకూ తెచ్చింది.

3. తెలుగుకు ఎదురైన చిక్కు

ఎక్స్‌పీతోపాటు తెలుగు యూనికోడ్ సదుపాయం, గౌతమి ఖతి వచ్చాయి. అయితే సంక్లిష్ట లిపుల ఫైళ్లను కంట్రోల్ ప్యానెల్ ద్వారా విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. అందుకు నిర్వాహక అనుమతి, తరచు ఎక్స్‌పీ సీడీ అవసరమయ్యేవి. పరిమిత ఖాతాలో కూర్చున్న వ్యక్తికి ఈ రెండూ అందుబాటులో ఉండవు. యజమాని తన సంకేతపదం ఇస్తే, తెలుగుతోపాటు యంత్రాన్ని పాడుచేయగల శక్తినీ ఇచ్చినట్లే. ఇవ్వకపోతే వాడుకరికి తెలుగు లేనట్లే.

4. స్థాపన అక్కరలేని మార్గం

2006లో వీవెన్ రూపొందించిన 'లేఖిని' ఈ చిక్కును పక్కదారిన దాటింది. రోమన్ అక్షరాల్లో కొట్టినదాన్ని అది బ్రౌజరులోనే తెలుగులోకి మారుస్తుంది. యంత్రంలో ఏదీ స్థాపించనక్కరలేదు. పత్రికల పాత ఖతులను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' కూడా ఫైర్‌ఫాక్స్ పొడిగింత కావడంతో వాడుకరి సొంత ఖాతాలోనే ఇమిడింది.

అయితే ఈ విజయం పాక్షికమే. లిపి ఫైళ్లు లేని యంత్రంలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించేవి. రాయడానికి అనుమతి అక్కరలేకపోయినా, సరిగా చదవడానికి అది అవసరమైంది. 2007లో మార్కెట్టులోకి వచ్చిన విండోస్ విస్టాలో సంక్లిష్ట లిపులు ముందే అమరి ఉండడంతో ఆ అడ్డంకి తొలగింది. అదే విస్టా, నిర్వాహక అధికారం కోరే ప్రతి పనికీ ముందుగా సమ్మతి అడిగే పద్ధతినీ ప్రవేశపెట్టింది.

5. ముగింపు

విస్టాలోని ఈ రెండు మార్పులూ పరస్పర విరుద్ధాలు కావు. ఒకటి కాపలాను పెంచింది. మరొకటి కాపలా అక్కరలేనిదాన్ని బయటికి తెచ్చింది. ఉమ్మడి యంత్రానికి రక్షణ తప్పనిసరి. కాని మాతృభాషలో చదవడం, రాయడం యంత్ర నిర్వహణ కిందికి రావు; అవి దాని సాధారణ వినియోగం. ఆ తేడాను తొలి రూపకల్పన గుర్తించకపోవడం వల్లనే తెలుగు అక్షరం కొన్నేళ్లపాటు పరుల అనుమతికై వేచి ఉండవలసి వచ్చింది.