చెరువు శిఖంలో వేసవి సెలవులు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పిల్లల చరిత్రలో ఒక అధ్యాయం

పిల్లలను వేసవిలో ఇంటికి దూరంగా నీటి ఒడ్డున కొన్నాళ్లు ఉంచి, ఈత, పడవ నడపడం, వంట, ఆటలు నేర్పే శిబిరాలకు అమెరికాలో నూట అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే ఉపాధ్యాయుడు 1861లో తన బడి పిల్లలను సముద్రతీరానికి నడిపించుకుపోయి రెండు వారాల పాటు గుడారాల్లో ఉంచగా, తరువాతి సంవత్సరాల్లో ఆ విడిది వరమాగ్ సరస్సు ఒడ్డుకు మారింది; 1885లో సమ్నర్ డడ్లీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరెంజ్ సరస్సు దగ్గర కొద్దిమంది కుర్రవాళ్లతో మొదలుపెట్టిన విడిది స్థలం మారినా నేటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. ఈ శిబిరాల వెనుక ఉన్నది పట్నంలో పెరిగే పిల్లలు నేలకూ నీటికీ పరాయివాళ్లైపోతున్నారన్న బెంగ. ఇరవయ్యో శతాబ్దపు మూడు పాళ్ల వరకు ఉత్తర తెలంగాణలో అటువంటి బెంగకు చోటు లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో పిల్లలకు నీటి ఒడ్డు వేసవి ఎవరూ ఏర్పాటు చేయకుండానే, రుసుము లేకుండా, పెద్దల పర్యవేక్షణ కూడా పెద్దగా లేకుండా దొరికేది. అది ఎట్లా సాధ్యమైందో తెలియాలంటే ముందు చెరువు కట్టుబడిని చూడవలసి ఉంటుంది.

ఈ నేలలో చెరువులు తవ్వినవి కావు, కట్టినవి. వాన నీరు పల్లానికి జారే చోట అడ్డంగా మట్టికట్ట పోసి, ఆ కట్టలో పొలాలకు నీరు వదిలే తూము, నిండిన మీదట మిగులు నీరు పొర్లిపోయే మత్తడి (కోస్తా జిల్లాల్లో దీన్నే అలుగు లేదా కళింగ అంటారు) అమర్చేవారు. చెరువు నిండినప్పుడు నీరు పరుచుకునే నేలను శిఖం అంటారు. ఎగువ నుంచి కట్ట వైపు మెల్లగా వాలి ఉండే ఈ శిఖం వల్లనే చెరువుకు రెండు అంచులు వేరువేరు గుణాలతో ఏర్పడతాయి: కట్ట దగ్గర, ముఖ్యంగా తూము ముందు, నీరు లోతు, శిఖం వైపు అంచున చీలమండ లోతుతో మొదలై, పదుల అడుగులు నడిచినా నడుము దాటదు. తూముల నుంచి పొలాలకు నీరిచ్చే నీరటి (ఊరి నీటి పంపకానికి వంశపారంపర్యంగా బాధ్యుడైన గ్రామ సేవకుడు) యాసంగి పంట అయిపోయాక తూము మూసేసరికి చెరువులో మిగిలేది చాలా కొద్ది నీరే కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో బడులు మూసే సమయానికి పిల్లలకు సరిపోయే లోతు దానంతట అదే ఏర్పడేది. సేద్యం కోసం కట్టిన ఏర్పాటు పిల్లల సెలవులకు ఇంత చక్కగా కుదరడం ఎవరి ఆలోచనా కాదు, కానీ ఆ కుదురుబాటే మొత్తం ఆచారానికి పునాది.

ఇక్కడి నీటి వనరుల ప్రాచీనతకు ఆధారాలు చుట్టుపక్కలనే ఉన్నాయి. సిరిసిల్లకు దగ్గరి వేములవాడ పదో శతాబ్దంలో చాళుక్యుల ఒక శాఖకు రాజధానిగా ఉండిన ఊరు. రాజరాజేశ్వర ఆలయాన్ని ఆనుకొని ఉన్న గుడి చెరువు నేటికీ ఆ పట్టణపు గుర్తు. జగిత్యాల పక్కనున్న పొలాస ఒకప్పటి పొలవాస రాజ్యానికి ముఖ్యపట్టణం కాగా, ఆ పాలకుడు మేడరాజుపై కాకతీయ రుద్రదేవుడు సాధించిన విజయం 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో నమోదైంది. కాకతీయులు చెరువు కట్టించడాన్ని రాజధర్మంగానూ పుణ్యకార్యంగానూ ఒకేసారి నిలబెట్టారు. జగిత్యాల పట్టణంలోని చింతకుంట, మోతె చెరువులు, కోరుట్ల మద్దుల చెరువు, సిరిసిల్ల కొత్త చెరువు ఈ పరంపరలో ఏ కాలానికి చెందినవైనా, పిల్లల దృష్టిలో అన్నింటి వయసూ ఒకటే.

ఈత నేర్చుకోవడంలో ఒక క్రమం ఉండేది. మొదట శిఖం వైపు నుంచి దిగి, అడుగున చేతులు ఆనించి కాళ్లు మాత్రం కొట్టడం. తరువాత లోపలి గుజ్జు తీసి ఎండబెట్టిన సొరకాయ బుర్రలు రెండింటిని తాడుతో కలిపి ఛాతీ కింద కట్టుకొని తేలడం, లేదా తేలికైన జీలుగు బెండు కట్టలను వీపుకు బిగించుకోవడం. కొంత ధైర్యం వచ్చాక బర్రె తోక పట్టుకొని అవతలి ఒడ్డుకు చేరడం. ఈ చివరి దశ నిజానికి మంచి యుక్తి: బర్రె తల మాత్రం పైకి పెట్టి, ఒకే వేగంతో, దారి తప్పకుండా ఈదుతుంది, పిల్లవాడు చేయవలసిందల్లా తోక వదలకుండా కాళ్లు ఆడించడమే. నేర్పేవాడు సాధారణంగా మూడు నాలుగేళ్లు పెద్దవాడైన అన్నో మేనబావో తప్ప గురువు కాడు. తూము దగ్గరికి పోవద్దు, కట్ట మీది నుంచి దూకవద్దు, ఒంటరిగా దిగవద్దు అనే మూడు కట్టడులు మాత్రం ఎవరూ రాసి పెట్టకపోయినా అన్ని ఊళ్లలోనూ ఒకే తీరుగా వినిపించేవి, వీటిలో మొదటి రెండూ పైన చెప్పిన చెరువు కట్టుబడి నుంచి నేరుగా పుట్టినవే. ఈత నేర్చినవాడు తరువాతి వేసవిలో మోట బావికి (ఎడ్లతో మోట లాగించి నీరు తోడే పెద్ద సేద్యపు బావికి) దిగేవాడు. అక్కడ అడుగు అందదు కాబట్టి బావి ఈత రెండో తరగతి కిందికి వచ్చేది.

నీటిలో లేని గంటలు ఒడ్డున గడిచేవి. చిర్రగోనె, గోటీలు, కట్ట మీది చెట్లపై కోతికొమ్మచ్చి, ఎండి పగిలిన శిఖపు బంకమట్టితో ఎడ్లూ బండ్లూ చేయడం, ఆకలైతే ఈత పండ్లు, తాటి ముంజలు, ఇంటి నుంచి తెచ్చిన గట్క (మక్క రవ్వతో వండే చిక్కని జావ), పచ్చి మామిడికాయ, ఉప్పూ కారం. సిరిసిల్ల పిల్లలకు చెరువుతో పాటు మానేరు కూడా ఉండేది. వేసవిలో మానేరు పైకి ఎండిన ఇసుక మేటగా కనిపించినా లోపల నీరు నడుస్తూనే ఉంటుంది. పిల్లలు మోచేతి లోతు గుంట చేతులతో తవ్వి, మొదట ఊరిన బురద నీటిని దోసిళ్లతో బయటికి చల్లి, అంచులు కూలకుండా తడి ఇసుకను అరచేత్తో మెత్తి, తేట నీరు ఊరేదాకా కూర్చొనేవారు. ఈ గుంటను చెలిమె అంటారు. చెలిమె తోడిన వాడికి మొదటి దోసిలి తాగే హక్కు ఉండేది, దాని మీద జరిగే పంచాయితీలు పెద్దల పంచాయితీలకు ఏమీ తీసిపోయేవి కావు.

అయితే ఈ వేసవిని అందరి పిల్లలూ సమానంగా అనుభవించిన స్వర్ణయుగంగా చిత్రించే అలవాటు ఇటీవలి రచనల్లో ఎక్కువైంది. అది సగం నిజమే. చెరువు నీరు అందరిదైనా రేవులు వేరు, బావుల దగ్గర కుల నియమం ఇంకా కఠినం. బర్రెను నీటికి తోలుకొచ్చిన పిల్లవాడు చాలాసార్లు ఆ బర్రె యజమాని కొడుకు కాడు, ఆ ఇంట జీతం ఉన్నవాడు. జీతం అంటే ఏడాది కాలానికి ఇంత ధాన్యమని మాట్లాడుకొని, తరచూ తండ్రి అప్పు కింద, ఆసామి ఇంట చేసే పని; ఉగాదికి జీతం కుదిరిన పదేళ్ల వాడికి బడీ లేదు, సెలవులూ లేవు. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చినా ఊళ్లలో మార్పు నెమ్మదిగానే సాగింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతు కూలీలు కదిలిన జైత్రయాత్ర, అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం ఈ జీతం, వెట్టి వ్యవస్థల నేపథ్యంలోనే అర్థమవుతాయి. సిరిసిల్లలో మరో రకం పని ఉండేది: నేత ఇళ్లలో మగ్గానికి కావలసిన కండెలు (పేకనూలు చుట్టిన చిన్న కడ్డీలు) చుట్టడం పిల్లల, ముసలివాళ్ల వంతు, గుంట మగ్గాలు పోయి స్థానికులు సాంచాలని పిలిచే మరమగ్గాలు వచ్చాక కూడా ఆ పని చాలాకాలం అట్లాగే ఉండిపోయింది. కోరుట్ల, జగిత్యాలల్లో బీడీలు చుట్టే తల్లుల పక్కన కూర్చున్న ఆడపిల్లలు ఆకు కత్తిరించడం, కట్టలు కట్టడం నేర్చేవారు. ఈ పిల్లలకు చెరువు మధ్యాహ్నపు ఒక గంట మాత్రమే.

ఆడపిల్లలకు నీటి ఒడ్డు నిజంగా దక్కేది వేసవిలో కాదు, భాద్రపదంలో. ఆ మాసపు కృష్ణపక్షంలో పెళ్లికాని అమ్మాయిలు తొమ్మిది రోజుల పాటు ఆడే బొడ్డెమ్మ, బతుకమ్మ పండుగకు ముందు నడిచే పిల్లల పండుగ. పుట్టమన్ను తెచ్చి, అంతస్తులుగా గోపురంలా మలచి, పూలతో అలంకరించి, ప్రతి సాయంత్రం చుట్టూ తిరుగుతూ పాడి, చివరి రోజున చెరువులోనో బావిలోనో నిమజ్జనం చేస్తారు. మన్ను తేవడం నుంచి పాట ఎత్తుకోవడం దాకా పనులన్నీ అమ్మాయిలే పంచుకునే ఈ తొమ్మిది రోజులు, క్రమశిక్షణలో చూస్తే, మగపిల్లల ఈత గుంపుల కంటే శిబిరం అనే మాటకు ఎక్కువ దగ్గరగా ఉంటాయి. పెద్దల బతుకమ్మకు దక్కిన పరిశోధకుల శ్రద్ధ బొడ్డెమ్మకు దక్కకపోవడం విచారకరం.

వేసవి సెలవులకు ముగింపు పలికేది చేపల వేట. చెరువు అడుగంటే మే నెలలో ముదిరాజ్, బెస్త కులాల వారు, తరువాతి కాలంలో వారి మత్స్య సహకార సంఘాలు, పెద్ద వలలతో చెరువును వడగట్టేవి. బొచ్చె, రవ్వ, కొర్రమీను తూకానికి పోగా, వల దాటిన జెల్లలు, పరకలు బురదలో చేతులతో వెతుక్కునే పిల్లల పాలు. జూన్ మొదటి వారం దాటగానే వచ్చే మృగశిర కార్తె (సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే దాదాపు పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు) మొదటి రోజును ఇక్కడ మిరుగు అంటారు. ఆ రోజు చేప తినడం తెలంగాణ అంతటా పట్టింపుగా పాటించే ఆనవాయితీ. ప్రస్తుత బడి క్యాలెండరు ప్రకారం జూన్ 12న బడులు తెరుచుకుంటాయి కనుక మిరుగు చేపకూ బడి గంటకూ మధ్య దూరం నాలుగైదు రోజులే.

ఈ ఏర్పాటు ఒక్కసారిగా కూలిపోలేదు. 1963 జులై 26న నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా సాగి, వేసవి ముంగిట కూడా పారే నీటిని తెచ్చింది. సేద్యానికి అది వరమే, కానీ కాలువలో శిఖం లేదు: అడుగు పెట్టిన చోటే లోతు, ఏటవాలు సిమెంటు గోడకు చేతికి పట్టు దొరకదు, నీరు నిలవక లాక్కుపోతుంది. చెరువులో నేర్చిన మూడు కట్టడులూ కాలువలో పనికిరాలేదు. 1980ల తరువాత బోరుబావులు పెరిగి మోట బావులు ఎండగా బావి ఈత కనుమరుగైంది. అంతకంటే తక్కువగా గుర్తించిన మార్పు చెరువు అడుగునే జరిగింది. పూర్వం వేసవిలో పార, గంపలతో పైపొర పూడిక తీసి బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు కనుక శిఖం వాలు చెడేది కాదు. ఇటుక బట్టీల కోసం, రోడ్ల కోసం, ఇండ్ల స్థలాల ఎత్తు పెంచడం కోసం యంత్రాలు మట్టి తవ్వడం మొదలయ్యాక నడుము లోతు నీటి పక్కనే రెండు నిలువుల గుంత ఉండే స్థితి వచ్చింది. పైకి ఒకే తీరుగా కనిపించే నీటి కింద నేల ఎట్లా ఉందో ఊరిలో ఎవరికీ తెలియకపోవడం అనేది ఈ చెరువుల చరిత్రలో కొత్త సంగతి. వేసవిలో పిల్లలు మునిగిపోయిన వార్తలు ఏటా పత్రికల్లో రావడానికి పిల్లల దుడుకుతనాన్ని తప్పుబట్టడం సులువు, కానీ మారింది పిల్లలు కారు.

ఏర్పాటు చేసిన వేసవి శిబిరం తెలుగు నేలపై విస్తృతంగా కనిపించిన తీరు కూడా గమనించదగినది. హైదరాబాదులో 1966 నుంచి ఉన్న జవహర్ బాలభవన్, జిల్లాల్లోని బాల కేంద్రాలు వేసవిలో పాట, నాట్యం, చిత్రలేఖనం నేర్పినా, ఇంటికి దూరంగా ఉంచి నడిపే శిబిరాలు పెద్ద సంఖ్యలో వచ్చింది పనిలో ఉన్న పిల్లల కోసం. శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల తొలి సంవత్సరాల్లో రంగారెడ్డి జిల్లాలో జీతగాళ్లను, కూలి పిల్లలను శిబిరాల్లో చేర్చి, తమ వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసింది. ఆ దశాబ్దం చివర్లో రాష్ట్ర ప్రభుత్వం వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే సంక్షేమ వసతి గృహాలను ఇదే పనికి వాడుకున్నది. పట్నపు పిల్లలను పల్లెకు చేర్చడానికి పుట్టిన అమెరికా శిబిరం ఇక్కడ పల్లె పిల్లలను బడికి చేర్చే సాధనమైంది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసి కట్టలను బలపరచింది. పట్టణ చెరువులను మినీ ట్యాంక్‌బండ్‌లుగా మలచడంలో భాగంగా నడక దారులు, కంచెలు, బతుకమ్మ ఘాట్లు వచ్చాయి. సిరిసిల్ల జిల్లాలో మాన్వాడ దగ్గర మానేరుపై కట్టిన మధ్య మానేరు జలాశయం 27.5 టీఎంసీల సామర్థ్యంతో ఆ ప్రాంతపు అతిపెద్ద నీటి విస్తీర్ణంగా నిలిచింది. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, శాభాష్‌పల్లి, చింతల్‌ఠాణా, అనుపురం, రుద్రవరం వంటి ఊళ్లతో పాటు ఆ ఊళ్ల పొలాలు, బావులు కూడా దాని అడుగుకు చేరాయి, కుటుంబాలు పునరావాస కాలనీలకు మారాయి. వారిలో నడివయసు దాటినవాళ్లు చాలామంది ఈత వచ్చినవాళ్లే. కాలనీల్లో పుట్టి పెరుగుతున్న పిల్లలకు ఈత నేర్పించాలంటే జిల్లా క్రీడా శాఖలు మే నెలలో నడిపే శిక్షణ శిబిరాల వైపో, రుసుము తీసుకునే ఈత కొలనుల వైపో చూడవలసి వస్తున్నది.