గేరు మార్చే నూనె

సాలూరు లారీల ఊరు. కొరాపుట్ వైపు కొండ ఎక్కేముందు తగిలే ఈ ఊళ్లో బాడీలు కట్టేవాళ్లకు, స్ప్రింగు పట్టీలు సరిచేసేవాళ్లకు, గేరుబాక్సు విప్పి బిగించేవాళ్లకు కొదవ లేదు. అలాంటి చోటికి పాతకాలపు ఆటోమేటిక్ గేర్ల విదేశీ కారు వస్తే మాత్రం చెయ్యి కాస్త ఆగుతుంది. ఆగాలి కూడా. బ్యాటరీ దిగితే తోసి స్టార్ట్ చేయడం, మొరాయిస్తే తాడు కట్టి లాక్కుపోవడం, డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో న్యూట్రల్‌ కొట్టి, ఇంజను ఆపేసి దించడం మన రోడ్ల మీద చూస్తూనే ఉంటాం. ఈ పనులు ఆ కారు గేరుబాక్సును తినేస్తాయి. ఎందుకు తినేస్తాయో దాని పుట్టుకలోనే ఉంది.

డ్రైవరు ప్రమేయం లేకుండా గేరు మార్చాలని 1904లో అమెరికాలో స్టర్టెవాంట్ సోదరులు ప్రయత్నించారు. వేగం పెరిగేకొద్దీ బయటికి విసురుకునే బరువులతో గేరు మారేట్టు చేశారు. ఆ బరువుల జోరుకు యంత్రం నిలవలేదు. దారి చూపింది కారు కాదు, ఓడ. స్టెటిన్ రేవులోని వుల్కాన్ నౌకా కర్మాగారంలో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజనీరుకు ఒక చిక్కు వచ్చింది. ఆవిరి టర్బైన్ అతివేగంగా తిరుగుతుంది, ఓడను నెట్టే ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగాలి. పళ్ల చక్రాలకు బదులు ఆయన మధ్యలో ద్రవం పెట్టాడు. కుండలో ఒక కవ్వం గిర్రున తిప్పితే మజ్జిగ సుడి తిరుగుతుంది, ఆ సుడిలో మరో కవ్వం ఉంటే అదీ తిరుగుతుంది. ఒకదానికొకటి తగలక్కర్లేదు. రెండింటి మధ్య తిరగని రెక్కలు అమర్చి, వేగం తగ్గినచోట బలం పెరిగేలా చేయడం ఫోటింగర్ ప్రతిభ. 1905లో దానికి పేటెంటు తీసుకున్నాడు. నేటి టార్క్ కన్వర్టర్‌కు అదే మూలం.

ఆ సూత్రం శ్రీకాకుళం జిల్లా పట్టాల మీదా నడిచింది. పర్లాకిమిడి రాజు వేయించిన నౌపడ నేరోగేజీ లైను మీద 1900లో రైలు కూసింది. ఆవిరి ఇంజన్లు పోయాక టెక్కలి, పాతపట్నం మీదుగా ఆ రైళ్లను లాగిన జెడ్‌డీఎం-5 డీజిల్ ఇంజన్లు హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్‌వి. గేజి మార్పిడికని 2004లో ఆ లైను ఆగింది. మన రైల్వే ఇంజనీరు సూరి పేరుతోనే ఒక ట్రాన్స్‌మిషన్ ఉంది. బండి ఊపందుకునేదాకా ద్రవం, వేగం వచ్చాక నేరుగా లోహం పట్టు, అదీ ఆయన పద్ధతి. ఇంత పని చేసిన మనిషి పేరు మన పాఠాల్లో కనిపించకపోవడం అన్యాయం.

కార్లలోకి వద్దాం. ఎర్ల్ థాంప్సన్ అంతకుముందే సింక్రోమెష్ గేర్లతో పేరు తెచ్చుకున్నవాడు. జనరల్ మోటార్స్‌లో ఆయన బృందం తయారుచేసిన హైడ్రామాటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో 57 డాలర్ల అదనపు ధరకు జనం చేతికి వచ్చింది. నాలుగు గేర్లు, క్లచ్ పెడల్ లేదు. యుద్ధకాలంలో అదే బాక్సు స్టూవర్ట్ ఎం5 ట్యాంకుల్లోకి వెళ్లింది. 1950ల మొదట్లో రోల్స్‌రాయిస్ కూడా దాన్నే తెచ్చుకుంది. 1953 ఆగస్టులో లివోనియాలోని హైడ్రామాటిక్ ఫ్యాక్టరీ కాలిపోతే, కాడిలాక్ కార్లకు కొంతకాలం బ్యూక్ వారి డైనాఫ్లో బాక్సు బిగించి అమ్మాల్సి వచ్చింది.

థాంప్సన్ బాక్సులో తెలివంతా నూనెది. బండి వేగాన్ని బట్టి ఒక పీడనం, యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ మరో పీడనం, ఈ రెండూ వాల్వుల దగ్గర తోసుకుంటాయి. ఏది గెలిస్తే ఆ గేరు. క్లచ్ పళ్లేలను నొక్కేది నూనే, ఒరిపిడి తగ్గించేది నూనే, వేడిని మోసుకుపోయేది నూనే. ఆ నూనెను తోసే పంపును ఇంజనే తిప్పుతుంది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, కానీ బండిని లాగుతుంటే చక్రాలతో పాటు లోపలి గేర్లు తిరుగుతూనే ఉంటాయి, చుక్క నూనె అందకుండా. తొలినాళ్ల బాక్సుల్లో వెనక షాఫ్టుతో తిరిగే రెండో పంపు ఉండేది కాబట్టి తోసి స్టార్ట్ చేయడం కుదిరేది. 1960లలో చాలా కంపెనీలు ఖర్చు చూసుకుని దాన్ని తీసేశాయి. మీ కారుది ఏ రకమో తెలియకపోతే లేదనే అనుకోండి. నడిపే చక్రాలను నేల మీద ఆననివ్వకుండా ఎత్తి తీసుకెళ్లండి, లేదా లారీకి ఎక్కించండి.

నూనెకూ చరిత్ర ఉంది. జనరల్ మోటార్స్ 1949లో టైప్ ఎ అనే ప్రమాణం పెట్టింది. క్లచ్‌లు మెత్తగా పట్టడానికి ఆ నూనెల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల్లో తిమింగలాల రక్షణ చట్టం వచ్చాక అది ఆగింది. డెక్స్‌రాన్ అంతకుముందే, 1960ల చివర్లో, టైప్ ఎ స్థానంలో వచ్చింది. ఫోర్డ్ మాత్రం బిగువుగా పట్టే టైప్ ఎఫ్ కోరింది. దాని బదులు జారుడెక్కువ నూనె పోస్తే క్లచ్ జారి కాలిపోతుంది. ఎర్రగా ఉంటే చాలదు, కారు పుస్తకంలో ఏ పేరుందో చూడాలి.

మన ప్రాంతంలో అసలు శత్రువు వేడి. సాలూరు, అనంతగిరి ఘాట్లు ఎక్కేటప్పుడు గేరు పైకీ కిందికీ ఊగిసలాడుతుంటే మీటను తక్కువ గేరులో ఉంచండి, దిగేటప్పుడూ అంతే. పాత కార్లలో చాలా వాటికి నూనె చల్లబడే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. బోరు నీళ్లు పోసి పోసి అది తుప్పుపట్టిందా, నీళ్లు నూనెలో కలుస్తాయి. తిత్లీ లాంటి తుఫానులో మునిగిన కారుదీ అదే కథ.

పరీక్ష సులువు. చాలా కార్లలో బండిని చదును నేల మీద ఆపి, వేడెక్కాక, ఇంజను ఆడుతుండగానే నూనె పుల్ల తీసి తెల్లబట్ట మీద తుడవాలి. ఎర్రటి మరక చుట్టూ పలచగా పాకితే బాగున్నట్టు. గోధుమరంగు, మాడిన వాసన అయితే క్లచ్ కాలింది. గులాబీ పాలలా ఉంటే నీళ్లు చేరాయి. ఆ కారును ఇక స్టార్ట్ చేయొద్దు, పళ్లేలకు అంటించిన పొర ఊడిపోతుంది.

తొలి హైడ్రామాటిక్‌లకు పార్కింగ్ మీట కూడా లేదు, ఇంజను ఆపి రివర్సులో పెట్టేవారు. ఆ రివర్సు తక్కువ గేరు పక్కనే ఉంటుంది. కొత్త కారు అలవాటున్న చేయి కదులుతున్న బండిని రివర్సులోకి లాగేస్తుంది. పాత ఆటోమేటిక్ కారున్నవాళ్లు నూనె పేరు, మీట వరస, లాగొద్దన్న మాట ఒక అట్ట మీద తెలుగులో రాసి బానెట్ లోపల అంటించండి. మీరు పక్కన లేనప్పుడు చేయి వేసే మేస్త్రీకి అది కావాలి.