మ్యాడ్‌విలనీ: లీకైన డెమో, మారిన గొంతు

ర్యాపర్ ఎమ్‌ఎఫ్ డూమ్, ప్రొడ్యూసర్ మ్యాడ్‌లిబ్ కలిసి పెట్టుకున్న పేరు మ్యాడ్‌విలన్. ఈ జంట పూర్తిచేసిన ఆల్బమ్ ‘మ్యాడ్‌విలనీ’ 2004 మార్చి 23న లాస్ ఏంజెలెస్‌లోని స్టోన్స్ త్రో రికార్డ్స్ సంస్థ నుంచి వెలువడింది. అందులో 22 ట్రాకులు, నిడివి సుమారు 46 నిమిషాలు. బిల్‌బోర్డ్ 200 పట్టికలో అది 179వ స్థానం దాటలేదు. పెద్ద కంపెనీల ప్రచారం, రేడియో ఊతం లేకుండా నడిచే అండర్‌గ్రౌండ్ హిప్‌హాప్‌లో మాత్రం దాని పేరు రాని చర్చ తక్కువ. ఆ చర్చల్లో మ్యాడ్‌లిబ్ బీట్లకే పెద్దపీట వేస్తారు. నిజానికి ఆల్బమ్‌కు ఇప్పటి రూపం రావడంలో బీట్లకెంత పాలుందో, డూమ్ గొంతులో వచ్చిన మార్పుకూ అంత పాలుంది. ఆ మార్పుకు దారితీసింది ఒక దొంగతనం.

డూమ్ అసలు పేరు డేనియల్ డుమిలే. 1971లో లండన్‌లో పుట్టి న్యూయార్క్ ప్రాంతంలో పెరిగాడు. తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి కేఎమ్‌డీ బృందంలో పాడేవాడు. 1993లో సబ్‌రాక్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి ఏడాది ముఖచిత్రంపై వివాదం రేగి ఎలెక్ట్రా సంస్థ వాళ్ల రెండో ఆల్బమ్‌ను పక్కనపెట్టింది. కొన్నేళ్లు కనిపించకుండా పోయిన డుమిలే, కామిక్ పుస్తకాల ప్రతినాయకుడిలా ముసుగు తొడుక్కుని తిరిగొచ్చి 1999లో ‘ఆపరేషన్: డూమ్స్‌డే’ తెచ్చాడు. మ్యాడ్‌లిబ్ అసలు పేరు ఓటిస్ జాక్సన్ జూనియర్. 1973లో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో పుట్టాడు. పాత వినైల్ రికార్డుల గుట్టల్లోంచి ఎవరూ పట్టించుకోని ముక్కలు వెతికి బీట్లు కట్టడం అతని వ్యాపకం.

2002లో పని మొదలైంది. స్టోన్స్ త్రో వాళ్లుండే ఇంట్లో బాంబు దాడులప్పుడు తలదాచుకోవడానికి కట్టిన గది ఒకటి ఉండేది. మ్యాడ్‌లిబ్ దాన్నే స్టూడియోగా చేసుకున్నాడు. అతను కింద బీట్లు కడుతుంటే డూమ్ పైన కూర్చుని రాసేవాడు. ఇద్దరి మధ్య మాటలు తక్కువ. సీడీలే అటూ ఇటూ తిరిగేవి. అదే ఏడాది నవంబర్‌లో రెడ్‌బుల్ మ్యూజిక్ అకాడమీ కార్యక్రమం కోసం మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లాడు. సావో పౌలో హోటల్ గదిలో చేతిసంచిలో పట్టే టర్న్‌టేబుల్, క్యాసెట్ డెక్, బాస్ ఎస్‌పీ-303 శాంప్లర్ ముందేసుకుని ‘రెయిడ్’, ‘స్ట్రేంజ్ వేస్’, ‘రైన్‌స్టోన్ కౌబాయ్’ వంటి ట్రాకుల బీట్లు కట్టాడు. ఆ ధ్వనిలోని గరుకుదనానికి ఈ కొద్దిపాటి సరంజామా కూడా ఒక కారణం.

ఆ ప్రయాణం తర్వాత కొద్దికాలానికే అసంపూర్తి డెమో దొంగల పాలై ఇంటర్నెట్‌కెక్కింది. అధికారిక విడుదలకు ఇంకా 14 నెలలుంది. ఉత్సాహం చల్లారి ఇద్దరూ వేరే పనుల్లో పడ్డారు. 2003లో డూమ్ కింగ్ గీడోరా, విక్టర్ వాన్ అనే మారుపేర్లతో ఒక్కో ఆల్బమ్ ఇచ్చాడు. మ్యాడ్‌లిబ్ బ్లూ నోట్ సంస్థ జాజ్ రికార్డుల్ని తిరగగట్టి ‘షేడ్స్ ఆఫ్ బ్లూ’ చేశాడు. మళ్లీ మ్యాడ్‌విలన్ దగ్గరికి వచ్చినప్పుడు డూమ్ తన భాగాన్ని కొత్తగా రికార్డు చేశాడు, కొన్నిచోట్ల మాటలూ మార్చాడు.

ఆ డెమోను తర్వాతి కాలంలో స్టోన్స్ త్రో స్వయంగా క్యాసెట్‌పై విడుదల చేయడంతో రెండు రూపాల్నీ పక్కపక్కన పెట్టి వినే వీలు కలిగింది. డెమోలో డూమ్ గొంతు హెచ్చు స్థాయిలో, హుషారుగా, శ్రోతను ఒప్పించాలన్న తొందరలో ఉంటుంది. ఆల్బమ్‌లో అదే గొంతు కింది స్థాయికి దిగింది. తాళానికి ఒకింత వెనకబడి, ఎవరికీ ఏదీ నిరూపించనక్కర్లేనట్టు సాగుతుంది. డెమోలో గొంతు బీట్ మీద స్వారీ చేస్తే, ఆల్బమ్‌లో బీట్ గరుకులోకి ఇంకిపోయింది. ఎవరు ఎవరికి పక్కవాద్యమో తేల్చడం కష్టం.

వేగం తగ్గడం వల్ల డూమ్ ప్రాసల పనితనం కూడా చెవికి అందింది. తెలుగు పద్యంలో ప్రాసకు పాదంలో రెండో అక్షరమే చోటు. డూమ్ ప్రాసకు అలాంటి స్థాననియమం లేదు. మూడు నాలుగు అక్షరాల ధ్వనిని పట్టుకుని పాదం నడుమ, చివర, తర్వాతి పాదం మొదట్లో మోగిస్తాడు. అర్థం మాత్రం వేరే దారిలో పోతుంటుంది. హడావిడిగా చెబితే ఈ అల్లిక తెలియదు.

ట్రాకుల కట్టడం కూడా దీనికి అనుకూలించింది. సగటున ఒక్కోటి రెండు నిమిషాల పైచిలుకే. పల్లవిలా తిరిగొచ్చే భాగం దాదాపు ఎక్కడా లేదు. మాట అయిపోతే ట్రాకూ అయిపోతుంది. నడుమ నడుమ పాత సినిమాల సంభాషణలు అడ్డుపడతాయి. వీటి పాత్ర బుర్రకథలో హాస్య వంతను పోలినది. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల్లో గొల్లసుద్దులు, బుర్రకథ విన్నవారికి కథకుణ్ణి వంత ఆపి కథను ఎగదోసే పద్ధతి కొత్త కాదు. ప్రజాకవి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దుల్ని రాజకీయ ప్రచారానికి మలిచింది ఆ బలం ఎరిగే. తేడా ఏమంటే, మ్యాడ్‌విలన్ వంత ఎన్నడో రికార్డయిన గొంతు, దానికి కథకుడి ఉనికే తెలియదు.

మ్యాడ్‌లిబ్ బీట్లలో వాడిన శాంపిళ్ల, అంటే పాత రికార్డుల ముక్కల, మూలాలు ఖండాలు దాటాయి. ‘అకార్డియన్’ ట్రాక్ డేడలస్ అనే సంగీతకారుడి రచన మీద నిలిచింది. ‘రెయిడ్’లో బిల్ ఎవాన్స్ పియానో, ‘స్ట్రేంజ్ వేస్’లో జెంటిల్ జెయింట్ రాక్ వినిపిస్తాయి. ‘షాడోస్ ఆఫ్ టుమారో’లో ఆర్.డి. బర్మన్ స్వరపరచిన హిందీ సినీగీతం ముక్క ఉంది. ఈ భారతీయ ఆసక్తి తర్వాత ముదిరి, 2007లో మ్యాడ్‌లిబ్ మన సినిమా పాటల శాంపిళ్లతోనే ‘బీట్ కండక్టా ఇన్ ఇండియా’ తెచ్చాడు. ‘షాడోస్ ఆఫ్ టుమారో’లో వినిపించే సన్నని గొంతు కూడా అతనిదే, టేపు వేగం మార్చి సృష్టించిన క్వాసిమోటో పాత్ర అది.

ఆల్బమ్‌కు డూమ్ గొంతు ఎంత కీలకమో 2008 నాటి రీమిక్స్ రుజువు చేసింది. రెండో ఆల్బమ్ కోసం ఎదురుచూసి విసిగిన మ్యాడ్‌లిబ్, 2004 నాటి డూమ్ గాత్రాన్నే తీసుకుని దాని కింద పూర్తిగా కొత్త బీట్లు పరిచాడు. బీట్లు మంచివే, కొన్నిచోట్ల పదునైనవి కూడా. అయినా ఆ గొంతు పాత బీట్ల నడకకు తగ్గట్టు దిగింది కాబట్టి కొత్త వాటిపై అతికించినట్టే ఉంటుంది. కొత్త గాత్రంతో రెండో ఆల్బమ్ రాలేదు. 2010లో విదేశీ పర్యటన ముగించుకుని వస్తున్న డూమ్‌కు అమెరికాలోకి ప్రవేశం దొరకలేదు. లండన్‌లో స్థిరపడిన అతను 2020 అక్టోబర్ 31న మరణించాడు. ఆ సంగతిని కుటుంబం డిసెంబర్ 31న వెల్లడించింది.