రామపురపు లవీ జాతర

హిమాచల ప్రదేశమున సట్లెజ్ నది, అనగా మన పురాణముల శతద్రువు, ఎడమ యొడ్డున రామపురమను పట్టణము కలదు. పూర్వ మిది బుషహర్ సంస్థానమునకు రాజధాని. ఏటేట నవంబరు 11 మొదలు 14 వఱకు ఇచట లవీ అను జాతర జరుగును. వేసవియంతయు కిన్నౌరు కొండలమీది పచ్చికలలో మేసిన గొఱ్ఱెలును మేకలును, మంచు దారులను మూయకముందే, దిగువ లోయలకు మరలివచ్చు కాలమది.

ఆ ప్రాంతమున ఉన్ని కంబళికి ‘లోయీ’ యని పేరు. లవీ యనునది దానినుండి పుట్టినదని కొందఱందురు. ఉన్ని కత్తిరింపునుండి వచ్చినదని మఱికొందఱు. ఏది నిజమైనను రెండింటికిని మూలము గొఱ్ఱె వీపే.

జాతర పుట్టుకను సాధారణముగా ఒక సంధితో ముడిపెట్టుదురు. 17వ శతాబ్ది చివర, 1679 నుండి 1684 వఱకు, టిబెట్టునకును లడఖునకును యుద్ధము జరిగెను. బుషహర్ రాజైన కేహరీసింగు టిబెట్టు పక్షము వహించెను. ఫలితముగా ఎగువ కిన్నౌరు అతనికి దక్కెను. ఉభయ రాజ్యముల వర్తకులు స్వేచ్ఛగా వచ్చిపోవుటకు ఒడంబడిక కుదిరెను. ఆవలినుండి ఉన్ని, ఉప్పు, గుఱ్ఱములు వచ్చెడివి; ఈవలినుండి ధాన్యము, బట్టలు, లోహపు పనిముట్లు పోయెడివి.

అయినను సంధి దారికి రక్షణ నిచ్చినదే కాని, జాతరకు అదను నిర్ణయించినది మంద. కత్తిరించిన ఉన్ని చేతికందునది అపుడే. శీతకాలమునకు వలసిన దినుసులు సమకూర్చుకొనవలసినదియు అపుడే. అంతేకాక, ఇరుకు కనుమలలో చిన్న సంచులు వీపున మోసి సరకు చేర్చినవియు గొఱ్ఱెలు, మేకలే.

దీనికి చరిత్రయే పరీక్ష పెట్టెను. 1954 ఏప్రిల్ 29న భారత చీనాల నడుమ కుదిరిన ఒప్పందమున, వర్తకులును యాత్రికులును రాకపోకలు సాగింపదగిన ఆరు కనుమలలో షిప్కీ యొకటి. 1962 జూనులో ఆ ఒప్పందము గడువు తీరెను. అదే యేట యుద్ధము వచ్చి సరిహద్దు మూతపడెను. సంధియే ప్రాణమైనచో లవీ ఆనాటితో ముగియవలసినది. ముగియలేదు. టిబెట్టు ఉన్ని రాకపోయినను కిన్నౌరు మందలు దిగివచ్చుచునేయుండెను. 1993 నాటి ఒప్పందముతో షిప్కీ కనుమ వర్తకమునకు మరల తెఱవబడినను, పూర్వపు వైభవము తిరిగిరాలేదు.

నేటి జాతరలో యంత్రపు నూలు బట్టలును, వినోద ప్రదర్శనములును హెచ్చినవి. చేనేత ఉన్ని పట్టీలు, చిల్గోజా పలుకులు, చాముర్తీ జాతి గుఱ్ఱములు ఇంకను అమ్మకమునకు వచ్చుచున్నవి. కాని కాపరుల బిడ్డలలో పలువురు ఆపిలు తోటలకును ఉద్యోగములకును మరలుచున్నారు. కొండపై ఆరు నెలలు చలికి, వానకు ఓర్చి మందను కాచుట కష్టజీవనము. వారిని తప్పుపట్ట వీలులేదు. రాజ్యములు సరిహద్దును మూసినపుడు లవీని నిలిపినది మంద. ఆ మందయే తఱిగిననాడు దానిని నిలుపగల సంధి యేదియు లేదు.